ఎంచుకునే చెయ్యి

బడి, ట్యూషను, హాస్టలు, ఫోను... పొద్దున లేచింది మొదలు పిల్లల్ని ఏదో ఒకటి నడిపిస్తూనే ఉంది. తమ రోజును తాము నడుపుకోవడం వాళ్లకు ఎప్పుడు, ఎలా అబ్బుతుంది?

అన్నప్రాశన నాడు పాయసం నాలుక్కి రాశాక బిడ్డను చాప మీద కూర్చోబెడతారు. ఎదురుగా పుస్తకం, కలం, బంగారం, డబ్బు, పూలు, చిన్న కత్తి పేరుస్తారు. అమ్మమ్మ, నానమ్మ, మేనమామ, పిన్ని అందరూ చుట్టూ చేరి ఆత్రంగా చూస్తారు. బిడ్డ పాక్కుంటూ వెళ్లి దేని మీదో చెయ్యి వేస్తుంది. పుస్తకమైతే చదువులతల్లి చలవ, బంగారమైతే లక్ష్మీ కటాక్షం అంటూ మురిసిపోతారు. ఆ కాసేపూ ఎవ్వరూ బిడ్డ చేతిని పట్టుకుని ఫలానా వస్తువు మీద పెట్టరు. పెడితే వేడుకకు అర్థమే లేదని అందరికీ తెలుసు.

ఆ బిడ్డను మళ్లీ ఎప్పుడు ఎంచుకోనిస్తాం? బడి మనం చూస్తాం. ట్యూషను మనం మాట్లాడతాం. ఎండాకాలం సెలవుల్లో ఏ కోచింగులో చేరాలో మనమే ఖాయం చేస్తాం. పదో తరగతి పరీక్షలు కాగానే ఇంట్లో ఎంపీసీనా, బైపీసీనా అనే చర్చ నడుస్తుంది. చాలా ఇళ్లలో అది పిల్లలు వినే చర్చే కానీ మాట్లాడే చర్చ కాదు. ఇంటర్‌లో చేరిన ఏ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఈ గ్రూపు ఎందుకు తీసుకున్నావు నాన్నా?’ అని అడిగి చూడండి. మార్కులు బాగా వచ్చాయని అంటారు. అన్నయ్య కూడా అదే తీసుకున్నాడంటారు. ఫ్రెండ్సంతా అందులోనే చేరారంటారు. ఇలా ఆలోచించి, ఇందుకోసం తీసుకున్నానని చెప్పగలిగే పిల్లలు అరుదు. అది వాళ్ల తప్పు కాదు. పదిహేనేళ్లూ ఎవరూ అడగని ప్రశ్నకు పదహారో ఏట జవాబు ఎక్కణ్నుంచి వస్తుంది?

చేసే పని ఎందుకు చేస్తున్నామో తెలిసి చేయడం, వద్దనిపిస్తే ఆగడం, తప్పయితే దిద్దుకోవడం. ఆలోచించి బతకడమంటే ఇంతకు మించి ఏమీ లేదు. పెద్ద వేదాంతం అక్కర్లేదు. కానీ ఒడ్డున కూర్చోబెట్టి పాఠం చెబితే ఈత రానట్టే, ఎంచుకోనివ్వకుండా ఎంచుకోవడం నేర్పలేం.

అలవాటు ఎవరు పెట్టింది?

అలవాటు చెడ్డదని అనడం లేదు. పళ్లు తోముకోవడానికీ, చెప్పులు విడిచి లోపలికి రావడానికీ, సైకిలు తొక్కడానికీ ప్రతిసారీ కూర్చుని ఆలోచిస్తే రోజు గడవదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త వెండీ వుడ్ తన సహచరులతో కలిసి కాలేజీ విద్యార్థులకు డైరీలు ఇచ్చి, గంటగంటకూ ఏం చేస్తున్నారో, ఆ సమయంలో మనసు దేని మీద ఉందో రాయించారు. 2002లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం రోజూ చేసే పనుల్లో దాదాపు 43 శాతం అలవాటుగా సాగిపోయేవే. చేతులు ఒకటి చేస్తుంటే మనసు ఇంకోచోట ఉంటుంది. జీవితంలో ఇంత భాగం అలవాటు చేతిలో ఉన్నప్పుడు, ఆ అలవాట్లను ఎవరు పెట్టారన్నది పట్టించుకోవాల్సిన సంగతి. తెలిసి పెట్టుకున్న అలవాటు మనిషికి పనివాడిగా ఉంటుంది. ఎవరో పెట్టిపోయింది యజమాని అవుతుంది.

గంట కొడితే చదువు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటర్ రెసిడెన్షియల్ క్యాంపస్ దినచర్య తెలియని మధ్యతరగతి ఇల్లు తక్కువే. తెల్లవారకముందే లేపుతారు. స్టడీ అవర్, టిఫిను, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి భోజనం, నిద్ర ముంచుకొచ్చేదాకా ఇంకో స్టడీ అవర్. వారం చివర పరీక్ష, అందులో వచ్చిన మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. ఔటింగ్ ఎప్పుడో ఓసారి. పుస్తకం ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో, ఎప్పుడు ఇంటికి ఫోన్ చేయాలో అంతా గంటే చెబుతుంది. ఈ పద్ధతి ఇప్పుడు ఇంటర్‌ దాకా ఆగడం లేదు. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతికే దిగి వచ్చింది.

ఇందులోంచి ర్యాంకులు వస్తాయి. ఆ ర్యాంకుతో ఎన్నో కుటుంబాలు ఒక మెట్టు పైకెక్కాయి. భూమి అమ్మో అప్పు తెచ్చో ఫీజు కట్టిన తండ్రి భయాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. కానీ పద్దెనిమిదేళ్లకు అదే పిల్లాడు ఇంజినీరింగ్ కాలేజీలో అడుగు పెడతాడు. అక్కడ గంట కొట్టేవాళ్లు లేరు. సాయంత్రం నాలుగు తర్వాత సమయమంతా తనది. దాన్ని ఏం చేసుకోవాలో అప్పటిదాకా అతడికి ఎవరూ నేర్పలేదు. ఫోన్ చేతిలో ఉంది కాబట్టి ఫోనే నేర్పుతుంది. నాలుగేళ్ల తర్వాత ‘అందరూ వెళ్తున్నారు’ అన్న మాట మీదే అమెరికా ఎంఎస్. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు అన్నది కన్సల్టెన్సీ తేలుస్తుంది. పాతికేళ్ల యువకుడు పరాయి దేశంలో అద్దె గదిలో కూర్చుని ‘నేనిక్కడికి ఎందుకొచ్చాను?’ అని మొదటిసారి అనుకుంటే, ఆ ప్రశ్న పదేళ్లు ఆలస్యంగా వచ్చిందన్నమాట.

అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులు ఆరేడేళ్ల పిల్లలు 70 మంది దినచర్యలను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. పెద్దలు నడిపే పాఠాలు, శిక్షణలు, పనులు ఒకవైపు, పిల్లలు తమకు తాముగా గడిపే ఆటపాటలు, చదువుకోవడాలు, తిరుగుళ్లు ఇంకోవైపు లెక్కగట్టారు. తర్వాత చిన్న పరీక్ష పెట్టారు. తెలిసిన జంతువుల పేర్లు చెప్పమన్నారు. ఇంట్లో పెంచేవి అయిపోగానే అడవివి, అవి కాగానే నీళ్లలోవి... ఇలా ఎవరూ చెప్పకుండా తమంతట తాము దారి మార్చుకోగలరా అన్నది ఆ పరీక్ష చూస్తుంది. సొంతంగా గడిపే సమయం ఎక్కువ ఉన్న పిల్లలు ఇందులో మెరుగ్గా చేశారు. పెద్దల అజమాయిషీలో ఎక్కువ సమయం గడిపేవాళ్లు వెనకబడ్డారు. ఇది కారణాన్ని నిరూపించే పరిశోధన కాదని, రెండూ కలిసి కనిపించాయని మాత్రమే చెబుతుందని పరిశోధకులే అన్నారు. ఐనా మన ఇళ్లలో ఖాళీగా కూర్చున్న పిల్లాణ్ని చూడగానే ‘ఏం చేస్తున్నావక్కడ? పుస్తకం తియ్’ అనే నోటికి ఇది ఒక్క క్షణం అడ్డుపడితే చాలు.

నిచ్చెన మీద తన మెట్టు

స్వేచ్ఛ ఇస్తే చదువు చంకనాకిపోతుందనే భయం ఉంది. దానికి జవాబు మన నేల మీదే దొరుకుతుంది. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన మదనపల్లె దగ్గర్లో, ఆయన ఆలోచనలతో మొదలైన రిషీవ్యాలీ పాఠశాల ఉంది. సాయంత్రం పిల్లలు గుట్ట మీదికి చేరి, సూర్యుడు దిగిపోయేదాకా మౌనంగా కూర్చోవడం అక్కడి సంప్రదాయం. అస్తాచల్ అంటారు. మంత్రం లేదు, పాట లేదు, మార్కులు లేవు. రోజంతా ఏం జరిగిందో మనసులోకి దానంతటది రావడానికి కాస్త చోటు.

అది ఫీజు కట్టగలిగిన వాళ్ల రెసిడెన్షియల్ స్కూలు కదా అనొచ్చు. నిజమే. కానీ ఆ చుట్టుపక్కల పల్లెల్లో జరిగింది ఇంకా గొప్ప విషయం. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు అక్కడి గ్రామీణ విద్యాకేంద్రం తరఫున, ఒకే టీచరు ఉండే చిన్న బడుల కోసం ఓ పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడకు ‘నేర్చుకునే నిచ్చెన’ కట్టారు. దాని మీద ఒక్కో మెట్టుకూ ఒక్కో గుర్తు. బడికి రాగానే బిడ్డ నిచ్చెన దగ్గరికి వెళ్తుంది. నిన్న ఎక్కడ ఆగిందో చూసుకుంటుంది. ఆ గుర్తున్న కార్డు తనే తీసుకుంటుంది. కొన్ని పనులకు టీచరు దగ్గర, కొన్నింటికి తోటి పిల్లలతో, కొన్నింటికి ఒంటరిగా కూర్చుంటుంది. జ్వరమొచ్చి వారం రాకపోయినా, వేరుశనగ కోతలకు అమ్మానాన్నలతో వెళ్లి పది రోజులు ఆగినా తన మెట్టు తనకోసం అక్కడే ఉంటుంది. ఎవరూ వెనకబడ్డావని అనరు.

ఆ పిల్లలు పశువులు కాసేవాళ్ల పిల్లలు, కూలిపనులకు వెళ్లేవాళ్ల పిల్లలు. ‘నేనెక్కడున్నాను? తర్వాత ఏంటి?’ అని రోజూ తమను తామే అడుక్కుంటూ చదివారు. ఈ పద్ధతిని చూసే తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల్లో కార్డులతో సాగే బోధన వచ్చింది. ఎంచుకునే స్వేచ్ఛ డబ్బున్నవాళ్ల ముచ్చట అనే మాట దీని ముందు నిలవదు.

‘రైలుబడి’ చదివిన తెలుగు పాఠకులకు జపాన్‌లోని తొమోయె బడి గుర్తుండే ఉంటుంది. తెత్సుకో కురొయనాగి (పుస్తకంలో తొత్తోచాన్) చిన్నప్పుడు చదువుకున్న, పాత రైలు పెట్టెల్లో నడిచిన ఆ బడిలో పొద్దున్నే టీచరు ఆ రోజు చేయాల్సిన అన్ని సబ్జెక్టుల పనులూ బోర్డు మీద రాసేసేవారు. దేంతో మొదలుపెట్టాలన్నది పిల్లల ఇష్టం. ఒకరు వ్యాసం రాసుకుంటుంటే వెనక ఇంకొకరు గాజు బుడ్డిలో ఏదో మరిగిస్తూ ఉండేవాళ్లు. నచ్చనిది తప్పించుకునే వీలు లేదు, సాయంత్రానికి అన్నీ అవ్వాలి. వరస మాత్రం వాళ్లది. ఎవరు దేన్ని ముందు పట్టుకుంటున్నారో, దేన్ని చివరిదాకా తోసేస్తున్నారో చూసే టీచరుకు బిడ్డ మనసు తెలిసిపోతుంది. ఇందుకు రైలు పెట్టెలు అక్కర్లేదు. ఆదివారం హోంవర్కుకు ఏ ఇంట్లోనైనా ఇలా చేయొచ్చు.

పెద్దలు మాట నిలబెట్టుకుంటే

పిల్లల నిగ్రహం గురించి మాట వస్తే చాలు, తీపి మిఠాయి పరీక్ష కథ చెబుతారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీలో 1960ల చివర్లో వాల్టర్ మిషెల్ మొదలుపెట్టిన పరీక్ష అది. పిల్లాడి ముందు ఒక మార్ష్‌మాలో పెట్టి, తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే రెండిస్తానని చెప్పి వెళ్లిపోతారు. ఓపిక పట్టిన పిల్లలు పెద్దయ్యాక చదువుల్లో రాణించారని ఆ తర్వాతి పరిశీలనలు చెప్పడంతో, ‘ఓర్పు ఉన్నవాడే గెలుస్తాడు’ అని వ్యక్తిత్వ వికాస తరగతుల్లో ఇదో సామెత అయిపోయింది. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లల సమాచారంతో సరిచూస్తే, కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం చాలావరకు పలచబడిపోయింది. ఈ రెండో సంగతి మాత్రం తరగతుల్లో ఎవరూ చెప్పరు.

ఇంటింటా చెప్పుకోవాల్సిన ప్రయోగం వేరొకటి ఉంది. రోచెస్టర్ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్, మరో ఇద్దరు పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 28 మందిని రెండు జట్లు చేశారు. బొమ్మ వేసుకోవడానికి అరిగిపోయిన రంగు ముక్కలు ఇచ్చి, ఆగితే మంచి రంగులు తెస్తామన్నారు. ఒక జట్టుకు నిజంగానే తెచ్చారు. రెండో జట్టు దగ్గరికి ఒట్టి చేతుల్తో వచ్చి ‘అయ్యో, లేవమ్మా’ అన్నారు. స్టిక్కర్ల విషయంలోనూ అంతే చేశారు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకున్న పెద్దల్ని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దల్ని చూసినవాళ్లు మూడు నిమిషాలే. మొదటి జట్టు 14 మందిలో 9 మంది పావుగంటా తినకుండా కూర్చుంటే, రెండో జట్టులో అలా కూర్చున్నది ఒక్కరే.

రెండో జట్టు పిల్లలకు నిగ్రహం లేదా? వాళ్లు చక్కగా ఆలోచించారు. ఈ మనిషి తెస్తానన్నది తేడు కాబట్టి ఉన్నది తినేయడమే తెలివి అనుకున్నారు. రేపటి మీద నమ్మకం లేని బిడ్డకు ఇవాళ ఆగాల్సిన పనేముంది? మన ఇళ్లలో మాటలు ఎలా జారిపోతాయో గమనించండి. అన్నం తింటే పార్కుకు తీసుకెళ్తానంటాం, తీసుకెళ్లం. ఇంజక్షన్ నొప్పి పుట్టదంటాం, పుడుతుంది. ‘ఇప్పుడే వస్తా’ అని చెప్పి ఊరెళ్లిపోతాం. ఏడుపు ఆపడానికి వాడిన ప్రతి ఉత్తుత్తి మాటా, ముందుచూపుతో బతకడం దండగని బిడ్డకు పాఠం చెబుతుంది. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకపోవడం, ఇచ్చింది తప్పాల్సివస్తే ‘అన్నాను, చేయలేకపోయాను’ అని పిల్లాడి కళ్లలోకి చూసి చెప్పడం... ఈ కథనంలో ఒక్క విషయం గుర్తుపెట్టుకోమంటే నేను దీన్నే చెబుతాను.

బహుమతుల సంగతీ కాస్త చూసుకోవాలి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ప్రాణమిచ్చే నర్సరీ పిల్లలను తీసుకున్నారు. కొందరికి, గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ పెట్టారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఆ పిల్లలు ఖాళీ సమయంలో బొమ్మలు గీస్తూ గడపడం మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. సంగీతానికీ, చదరంగానికీ, పుస్తకానికీ వెంటనే ర్యాంకు, కప్పు తగిలించే మన ఉత్సాహం దేన్ని చంపుతోందో ఇది చెబుతుంది.

మధ్యలో పిలవకండి

1907లో రోమ్ నగరపు పేదల వాడ సాన్ లోరెంజోలో మారియా మాంటిస్సోరి తన మొదటి బాలల ఇల్లు తెరిచారు. అక్కడ మూడేళ్ల పాప ఒకతి, చెక్క దిమ్మెలోని గుంటల్లో సరిపోయే గుళ్లు తీసి పెడుతూ కూర్చుంది. ఎంత లీనమైందో చూద్దామని మాంటిస్సోరి మిగతా పిల్లల చేత పాటలు పాడించారు. పాపను కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టారు. ఆ పాప దిమ్మెను ఒళ్లో పెట్టుకుని తన పని తను చేసుకుంటూనే ఉంది. 42 సార్లు చేసి, ఎవరూ చెప్పకుండానే ఆపేసింది, సంతోషంగా. అదే మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చారు. యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయి, మన దేశంలో ఎంతోమంది టీచర్లను తయారుచేశారు. ఇవాళ మన వీధివీధినా ఆమె పేరుతో బోర్డులున్నాయి. ఆ పాప మొదలుపెట్టడం, ఆపడం రెండూ తనవే అన్న సంగతి మాత్రం చాలా బోర్డుల లోపల కనిపించదు.

చీమల బారు చూస్తూ కూర్చున్న బిడ్డను ‘రా, నీళ్లు పోసుకుందువు’ అని పిలవడానికి ముందు రెండు నిమిషాలు ఆగండి. ఇసుకలో గుజ్జనగూళ్లు వండుకుంటున్న పిల్లలకు ‘ఇలా కాదు, అలా’ అని చెప్పకండి. ఫోన్ తెర ఈ లీనతకు నకలు మాత్రమే. ఆపడం అక్కడ బిడ్డ చేతిలో ఉండదు. ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. కిందికి తోస్తే పేజీ అంతుండదు. ఆ అంతులేని పేజీని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్ తర్వాతి రోజుల్లో దానికి బాధపడ్డారు. రెండేళ్లలోపు బిడ్డకు తెర అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గంట మించొద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో సూచించింది. గంటల లెక్క అవసరమే. దాంతోపాటు, ఫోన్ తీసుకునే ముందు ‘ఏం చూడబోతున్నావు?’ అని అడగడం, అది అయ్యాక తన చేత్తో తనే ఆపేలా చూడటం కూడా అలవాటు చేయాలి. ఆటోప్లే తీసేయడానికి సెట్టింగుల్లో ఓ మీట చాలు.

ఇంట్లో పైకి వినపడేలా

పిల్లలు మన నిర్ణయాలనే చూస్తారు, వాటి వెనక ఆలోచనను చూడరు. కాబట్టి కాస్త పైకి ఆలోచించాలి. ‘కోపంగా ఉన్నాను బంగారం, కాసేపాగి మాట్లాడతా.’ ‘ఈ చీర నచ్చింది, కానీ ఇంట్లో ఉన్నవే కట్టడం లేదు కదా, వద్దనుకుంటున్నా.’ ‘ఈ పెళ్లికి వెళ్లాలా, తాతయ్య దగ్గరికి వెళ్లాలా అని ఆలోచిస్తున్నా, నువ్వేమంటావు?’ ఇలాంటి మాటలు వినే బిడ్డకు, పనికీ మనసుకీ మధ్య ఒక ఖాళీ ఉంటుందని, అక్కడ ఆగొచ్చని తెలుస్తుంది.

తర్వాత నిజమైన ఎంపికలు ఇవ్వాలి. నాలుగేళ్లకు, ఉన్న రెండు గౌన్లలో ఏది. ఏడేళ్లకు, వంద రూపాయలిచ్చి కూరల బండి దగ్గరికి పంపి, రేపటి కూర తన ఇష్టం. పన్నెండేళ్లకు, ఆదివారం మధ్యాహ్నం మొత్తం. కూలిపనులకు వెళ్లే ఇళ్లలో పిల్లలు ఇవన్నీ ఎప్పుడో చేస్తున్నారు. చెల్లిని చూసుకుంటూ, కిరాణా కొట్లో చిల్లర లెక్కపెట్టుకుంటూ చిన్న నిర్ణయాలు ఎన్నో తీసుకుంటున్నారు. ఆ నేర్పును బడి గుర్తించకపోవడం వేరే విషాదం.

ఎంపిక ఇచ్చాక దాని ఫలితాన్ని లాక్కోకూడదు. తెచ్చిన వంకాయలు పుచ్చులైతే, ఆ పూట పచ్చడి మెతుకులు తినాలి. రైలుబడిలో ఒకసారి తొత్తోచాన్ పర్సు మరుగుదొడ్డి గుంటలో పడిపోతుంది. పొడుగాటి గరిటె పట్టుకుని గుంటలోదంతా తోడి పక్కన గుట్ట పోస్తుంది. అటుగా వచ్చిన హెడ్‌మాస్టర్ కొబయాషి ఆమెను తిట్టలేదు, సాయానికి దిగలేదు. పని అయ్యాక అంతా తిరిగి లోపల వేస్తావు కదూ అని మాత్రం అడిగి వెళ్లిపోయారు. పర్సు దొరకలేదు. ఐనా ఆ పిల్ల చేయగలిగినంతా చేశానన్న తృప్తితో మొత్తం తిరిగి పోసేసింది. బిడ్డను మనిషిగా చూడమని ‘బిడ్డల శిక్షణ’ రాసిన చలం బతికుండగా ‘రైలుబడి’ రాలేదు. చదివుంటే ఎంత సంతోషించేవారో.

పదో తరగతి బిడ్డ ఉన్న ఇంట్లో ఈ వేసవికి ఓ పని చేయొచ్చు. గ్రూపు ఖాయం చేసే ముందు నెల రోజులు గడువు పెట్టుకోండి. ఆ నెలలో బిడ్డ నాలుగైదు రకాల పనులు చేసేవాళ్లను కలవాలి. ఆస్పత్రిలో నర్సు, భూముల సర్వేయరు, డిగ్రీలో చరిత్ర చెప్పే మేడం, సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లుగా ఉన్న బాబాయి. పాలిటెక్నిక్, ఐటీఐ కూడా చూసిరావాలి. రోజూ ఏం చేస్తారు, ఏది విసుగు, ఏది ఇష్టం అని తనే అడగాలి. అమ్మానాన్నలు ఫీజు ఎంతవరకు కట్టగలరో, ఎంత అప్పు ఉందో దాచకుండా చెప్పాలి. డబ్బు సంగతి తెలియకుండా తీసుకున్న నిర్ణయం సగం నిర్ణయమే. చివర్లో ఏం తీసుకుంటున్నాడో, ఎందుకో ఒక కాగితం మీద తన రాతలో రాయాలి. కారణం మనకు నచ్చకపోతే వాదించొచ్చు, గట్టిగానే. కాగితం మాత్రం తనదే. దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు దాన్ని బయటికి తీసి, అప్పుడు రాసింది ఇప్పటికీ నిజమేనా అని బిడ్డతో కలిసి చదవండి. కాదంటే, కొత్త కాగితం ఇవ్వండి.